పేరు అడగని పాఠం

నాచారంలో ఒక యూనివర్సిటీ బృందం ఆన్‌లైన్‌లో సైకాలజీ పాఠాలు నడుపుతోంది. వార్త రాద్దామని ఈ రోజు మధ్యాహ్నం వెళ్లాను. విద్యార్థులు జంకకుండా సందేహాలు రాయాలని అక్కడ ఎవరి పేరూ అడగరు. నేనుండగానే దిగులు గురించిన పాఠం కింద ఒక వాక్యం వచ్చింది: "ఇదంతా చదివినా నాకు బతకాలని లేదు."

పాఠం రాసిన మేడమ్ లేచి నిలబడ్డారు. "ఎవరో చూడు శ్రీనూ!"

సైట్ చూసుకునే శ్రీను మొహం పాలిపోయింది. "ఎట్ల తెలుస్తది మేడమ్? పేర్లు రాకుండ మనమే జేసినం గద."

ఆమె వెంటనే సైట్ మొదటి పేజీలో తన నంబరు, దాని కింద ఈ మాటలు పెట్టించారు: "ఇందాక దిగులు పాఠం కింద ఆ మాట రాసినవారు ఫోన్ చేయండి. ఇక్కడే కూర్చున్నాను."

కాసేపటికి ఫోన్ మోగింది. స్పీకర్‌లో ఒక అమ్మాయి గొంతు. "మేడమ్, అది రాసింది నేను కాదు. గానీ జర మాట్లాడొచ్చా?"

మేడమ్ స్పీకర్ ఆపేశారు. ఆ ఫోన్ అయ్యేసరికి ఇంకొకటి. అబ్బాయి. అతనూ రాయలేదట.

"పాఠాలకు స్పందన ఎలా ఉంది?" అని నేను అడగాలనుకున్న ప్రశ్న అడగకుండానే ఉప్పల్‌లో ఇంటికి వచ్చేశాను. రాసిందెవరో ఇంకా తెలియలేదు. మీ ఇంట్లో చదువుకునేవాళ్లుంటే ఈ పూట పలకరించండి. ఏమన్నారో నాకూ చెప్పండి.