నెమలి మెడ రంగు చిలక

అప్పటికే నా చేతులు రెండూ మోచేతుల దాకా నీలమైపోయాయి. ముక్కు దురదపెడుతూంది, గోక్కుందామంటే శుభ్రమైన వేలు ఒక్కటీ మిగల్లేదు. ఎదురుగా రాతి పలక మీద సిరా ముద్దలు. నీలంలో పసుపు కలిపితే పాచిపట్టిన నీళ్ల రంగు వచ్చింది. ఇంకాస్త నీలం వేసి, పొరపాటున నలుపు చుక్క తగిలిస్తే మాడిన సంగటి కుండ అడుగులా అయింది. అంతా గీకి పారేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నీలం ఎక్కువ, పసుపు తక్కువ, రవ్వంత తెలుపు. కత్తితో అటూ ఇటూ తిప్పేసరికి, అమ్మా, వచ్చేసింది! అచ్చంగా నెమలి మెడ రంగు. ఆ సంతోషంలో ముక్కు గోక్కున్నాను. (ఆ మరక మూడు రోజులు పోలేదు.)

ఆ రోజుల్లో రంగంటే నాకు ఆకలి లాంటిది. యుద్ధం జరుగుతూంది. మదనపల్లెలో బస్సులు బొగ్గుతో నడిచేవి, కట్టుకునే గుడ్డలు కూడా వెలవెలబోతూ ఉండేవి. అంత కరువులోనూ నా దగ్గర ఒక బిస్కట్ల డబ్బా ఉండేది. అందులో అగ్గిపెట్టెల మీది బొమ్మలు, గుడ్డతానులకు అంటించి వచ్చే చీటీలు, చిరిగిన క్యాలెండరు మూల, నేతగాళ్ల వీధిలో మగ్గం కింద ఏరుకొచ్చిన పట్టుదారపు పోగులు దాచుకునేదాన్ని. ఆ దారాల్లోనే నెమలి మెడ రంగుది ఒకటి దొరికింది. దాన్ని వేలికి చుట్టుకుని, ఎండలో ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ, ఇలా చూస్తూ ఎన్ని పూటలు అన్నం మరిచానో! పదహారేళ్లదాన్ని, చదివింది ఐదో తరగతి. అయినా మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, నన్ను తన అచ్చాఫీసులో పెట్టుకున్నాడు. అక్షరాలు కూర్చే మనిషి పట్టాళంలో చేరిపోయాడు, ఇంకొకరు దొరకలేదు, అందుకు. నన్ను చూసి ముచ్చటపడి కాదు.

కానీ నేను మాత్రం ఆ సీసం అక్షరాల మీద మనసు పారేసుకున్నాను. గడుల పెట్టెలో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ఇల్లు. 'న' గడి ఎప్పుడూ సంతలా ఉంటుంది, 'ఱ' గడిలో దుమ్ముపట్టిన ముసలవ్వలా ఒక్కటే కూర్చుని ఉంటుంది. లావు అక్షరాలు వేలంపాట నోటీసులకు, సన్నవి పెళ్లి పత్రికలకు. అక్షరాలు పెట్టెలో తిరగేసి ఉంటాయి కదా, వాటిని చదివీ చదివీ చివరికి తిన్నగా ఉన్న పుస్తకం చదవాలంటేనే నాకు తడబాటుగా ఉండేది. ఇదంతా మా అవ్వకు, అంటే మా మామ తల్లికి, గిట్టేది కాదు. "ఆడబిడ్డ సేతులు పసుపుతో పచ్చగుండాల గానీ, మసితో నల్లగుండాదేమే? నిమ్మనపల్లెలో మీ చిన్నమ్మ సెనిక్కాయలు వొలిసేకి మనిషి లేదని మొత్తుకుంటా ఉండాది, ఆడికి పో" అని పొద్దున్నా సాయంత్రం పోరేది. మామ ఒక్క మాటే చెప్పాడు. "ఒక్క గిరాకీ నీ పని బాగలేదని నాతో అనిందా, ఆ పొద్దే నిమ్మనపల్లె బస్సు ఎక్కిస్తా పాపా." అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండేదాన్ని. ఆ ఒక్క రోజు తప్ప.

ఆ రోజు మామ పశువుల పరస, అంటే పెద్ద సంత, దాని నోటీసులు మాట్లాడుకోవడానికి పుంగనూరు వెళ్తూ, "కుప్పం సాయిబు లేబుళ్లు రెండు వేలు కొట్టు. పోయినసారి మాదిరే. ఎరుపంటే ఎరుపు" అని చెప్పి వెళ్లాడు. కుప్పం సాయిబు ముక్కుపొడి వ్యాపారి. ఆయన పొట్లం మీద చిలక బొమ్మ, చుట్టూ లావు అక్షరాలు, అంతా ఒకటే ఇటుక రంగు ఎరుపు. నాకది చూస్తే ఒళ్లు మండేది. మీరే చెప్పండి, లోకంలో ఎక్కడైనా ఎర్ర చిలక ఉంటుందా? వేలికి ఉన్న దారం కేసి చూశాను. చిలక కేసి చూశాను. ఇంక నన్ను ఆపేవాళ్లు ఎవరున్నారు? రంగు కలిపాను. లావు అక్షరాలు తీసేసి పెళ్లి పత్రికల సన్నక్షరాలు కూర్చాను. చుట్టూ మల్లెమొగ్గల అంచు కట్టాను. రెండు వేలూ కొట్టేసరికి కాళ్లు పడిపోయాయి గానీ, ఆరబెట్టిన కాగితాలను చూస్తే అచ్చాఫీసు నిండా నెమళ్లు దిగినట్టు ఉండింది. సాయంత్రానికల్లా కట్ట కట్టి కుప్పం బస్సు కండక్టరు చేతికి ఇచ్చేశాను. మర్నాడు మామ వచ్చి, "ఎర్ర లేబుళ్లు కొడితే ముక్కు నీలమెట్లయింది పాపా?" అని అడిగాడు. "సిరా డబ్బాలు తుడిసినా మామా" అన్నాను. (డబ్బాలు తుడిచింది నిజమే. ఆ తుడిచింది ఎందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.)

పది రోజులకు సాయిబు స్వయంగా దిగాడు. నెత్తిన పెద్ద గంప, గంప నిండా నా నెమలి మెడ రంగు పొట్లాలు. గంప దించి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "ఏమప్పా, నా చిలకను చంపేసినారే!" అన్నాడు. మామకు ఏమీ అర్థం కాలేదు. పొట్లం చేతిలోకి తీసుకుని, చూసి, నా వైపు చూశాడు. నేను 'ఱ' గడిలో దూరడానికి చోటుందా అని చూస్తున్నాను.

"నేను పలమనేరు పోయింటి. మా ఇంట్లో ఆడోళ్లు బాగుంది బాగుందని అన్నీ అంటించేసినారు. రామకుప్పం సంతకు తీస్కపోతే ఒక్కడు ముట్టలా. చదువు రానోళ్లు కదప్పా, వాళ్లకు పేరెందుకు, ఎర్ర చిలకే పేరు. ఇది నీ పొడి కాదు సాయిబూ, దొంగ పొడి అంటాండారు. ఊరికే పీల్చి సూడండిరా అని పెట్టినా. పీల్చి, హాచ్ హాచ్ అని తుమ్మి, ఏమన్నారో తెలుసా? తుమ్ము కూడా ఆ తుమ్ము కాదంట!"

నాకు నవ్వు ఆగలేదు. అదే నా కొంప ముంచింది. మామ గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "శనివారం బస్సుకు నిమ్మనపల్లె" అన్నాడు, అంతే. సాయిబుకు రెండు వేల ఎర్ర లేబుళ్లు మళ్లీ కొట్టిచ్చేటట్టు, ఈ పొట్లాల మీది కాగితాలు నేనే తడిపి ఊడబీకేటట్టు మాట అయింది. సాయిబు తన చుట్టాలింట్లో రెండు రోజులు ఉండి తీసుకుపోతానన్నాడు. గంప మా ఇంటికి చేరింది. అవ్వ గంప వైపు చూసి, నా వైపు చూసి, "నేను సెప్తే ఇనింటివా?" అని మెటికలు విరిచింది.

ఆ మధ్యాహ్నం వసారాలో కూర్చుని, తడిగుడ్డతో నా నెమళ్లను నేనే ఒక్కొక్కటీ చంపుకుంటూ, కళ్లనీళ్లు పెట్టుకుంటూ, ఐదారు పొట్లాలు ఒలిచానో లేదో, కునుకు పట్టింది. లేచి చూస్తే గంప వెలితిగా ఉంది. ఎలుకలు ముక్కుపొడి తింటాయా? పెరటి వైపు గాజుల గలగల వినిపించింది. తలుపు సందులోంచి తొంగిచూశాను.

మా అవ్వ! పక్కింటి అవ్వలు ఇద్దరు. గాజులమ్మే ఆమె ఒకామె. నలుగురూ గుండ్రంగా కూర్చుని, నడుమ నా పొట్లాలు విప్పుకుని, చూపుడువేలితో పొడి తీసి పండ్లకు రుద్దుకుంటున్నారు. మా అవ్వ కళ్లు మూసుకుని, దేవుడు ప్రత్యక్షమైనట్టు మొహం పెట్టి రుద్దుతూంది. "అవ్వా!" అన్నాను. అవ్వ ఉలిక్కిపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది పొడి కాదు మే, పండ్లపొడి" అంది. అంటూనే ఒక తుమ్ము తుమ్మింది, పెరట్లో కోళ్లు ఎగిరిపోయాయి.

"ఎన్నాళ్ల నుంచి అవ్వా?"

"మీ అమ్మ కడుపున పడినప్పటి నుంచీ" అంది పక్కింటి అవ్వ, మా అవ్వను కాపాడే ఉద్దేశం ఏమాత్రం లేకుండా.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఎర్ర చిలక పొట్లం ఆడమనిషి చేతిలో కనిపిస్తే వీధంతా చెప్పుకుంటారు. అందుకని ఇన్నేళ్లూ మా అవ్వ దాన్ని పసుపు డబ్బాలో పసుపు కింద దాచేది. (మా ఇంటి పసుపు ఎందుకు ఘాటుగా ఉండేదో ఆ రోజు తెలిసింది.) "ఇదైతే ఎవురన్నా సూసినా సాంబ్రాణి పొట్లమనుకుంటారు గదమ్మా" అంది గాజులామె, పొట్లాన్ని ముద్దుగా తిప్పి చూస్తూ. "మల్లెమొగ్గలు కూడా ఉండాయి. నా గాజుల మలారంలో పెట్టుకోని ఇంటింటికీ తీస్కపోతే ఆడోళ్లు ఎగబడి కొంటారు."

నేను మెల్లగా అవ్వ పక్కన చతికిలబడ్డాను. "అవ్వా, శనివారం నేను నిమ్మనపల్లె పోవాల్నా?"

అవ్వ నా మొహంలోకి చూసింది. నేను వంటింట్లో పసుపు డబ్బా ఉన్న వైపు చూశాను. "యాల పోయేది? ఆ సెనిక్కాయలు అదే ఒలుసుకుంటుందిలే, దానికి సేతులు లేవా?" అంది అవ్వ. "నోరు మాత్రం మూసుకో."

మూసుకున్నాను. అంటే, అవ్వ పేరు వరకు మూసుకున్నాను. సాయంత్రం మామనూ సాయిబునూ కూర్చోబెట్టి, "ఎవురో ఆడోళ్లు ఈ పొట్లాలే కావాలంటాండారు" అంటూ గాజులామెను ముందుకు తోశాను. సాయిబు అంతా విని, గడ్డం నిమురుకుని, ఒక్కసారిగా పకపకా నవ్వాడు. "ఓహో, అందుకా మా ఇంట్లో కూడా అంత బాగుందనింది! బేటీ, ఇది ఆడోళ్ల చిలక. మొగోళ్లకు ఎర్రది కొట్టు, ఆడోళ్లకు ఇదే కొట్టు" అన్నాడు. మామ నీలం పొట్లాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "ఇంగోసారి నన్నడక్కుండా రంగు మార్చినావంటే..." అని మొదలుపెట్టి, వెనక నుంచి అవ్వ దగ్గు వినిపించేసరికి ఆపేశాడు. శనివారం బస్సు నేను లేకుండానే నిమ్మనపల్లె వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను పుంగనూరులో కాపురం చేసుకుంటున్నాను. నా బిస్కట్ల డబ్బాలో మా పాప గవ్వలు దాచుకుంటోంది. అడుగున మాత్రం రెండు లేబుళ్లు ఉన్నాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నీలందాన్ని చూస్తే అవ్వ తుమ్ము వినిపిస్తుంది, ఆమె పోయి రెండేళ్లయినా. కానీ ఎక్కువసేపు చూసేది ఎర్రదాన్నే. ఆ పదహారేళ్ల పిల్ల అంత భయపడీ, అంత ఏడ్చీ, బుద్ధి తెచ్చుకుందా? సాయిబుతో మాట కుదిరిన మర్నాడు పొద్దున్నే, మామ ఇంకా పండ్లు తోముకుంటుండగానే, అచ్చాఫీసుకు పరుగెత్తి, రాతి పలక తుడిచి, ఎర్ర సిరా డబ్బా మూత తీసి, లావు అక్షరాలన్నీ పోయినసారి మాదిరే కూర్చి, చిలక కాళ్ల దగ్గర, ఎవరి కంటికీ ఆనని చోట, ఒక్క మల్లెమొగ్గ పెట్టి బిగించాను.