చిరుగులు పైకి కుట్టిన బొంత

ఎండలో ఆరిన పాత నూలు బట్టను మొహానికి ఆనిస్తే చాలు, బన్సీలాల్‌పేట్‌లోని మా డాబా, అక్కడ పరిచిన చీరల మీద మోకాళ్లూని బొంత కుట్టే నానమ్మ, కింద గల్లీలోంచి వచ్చే పకోడీల వాసన, వాటి కోసం నేను పెట్టే పేచీ, అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

దసరా వెళ్లగానే నానమ్మ పాత చీరలు బయటికి తీసేది. ఆమెది ఒకటే నియమం: గట్టి బట్ట పైకి, చిరిగింది లోపలికి. లోపల ఎన్ని పేలికలున్నా బయటికి కనబడకూడదు. చిరుగు కనిపిస్తే అతుకు వేయడం నాకు ఎనిమిదేళ్లకే నేర్పింది.

గల్లీలో ఇంటికొకరు కంప్యూటర్ కోర్సుకు పరుగెత్తే రోజులవి. మేనత్త సుజాత అప్పటికే బేగంపేటలో ఉద్యోగంలో చేరింది. సెలవు రోజుల్లో నానమ్మ చీరల్లోంచి అరిగిన ముక్కలే ఏరి, చిరుగులు పైకి పెట్టి, గోడకు వేలాడదీసే బొంత ఒకటి కుట్టింది. దాన్ని చేతిపనుల ప్రదర్శనలో పెడతామని నిర్వాహకులు అన్నారు.

"ఏందే గిది? మన చినుగులు మంది ముంగట పెడ్తవా?" అంది నానమ్మ.

"గవి నీ కష్టమమ్మా. దాస్తే ఎట్ల?"

అంతే, తల్లీకూతుళ్లకు మాటలు బంద్. కూరగిన్నె కూడా నా చేతే అందించుకునేవారు. మధ్యలో నా ప్రాణం పోయేది.

బొంత అప్పజెప్పాల్సిన శనివారం అత్త ఒంటిపూట ఆఫీసుకు వెళ్లింది. చిరుగులే లేకపోతే గొడవే ఉండదు కదా అని నా తొమ్మిదేళ్ల బుర్రకు తట్టింది. డాబా మీద కూర్చుని, నానమ్మ నేర్పినట్టే అన్నిటికీ అతుకులు వేసేశాను. నా కుట్టు చూసి నాకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం అత్త ఆటో తీసుకుని వచ్చి, బొంత విప్పి చూసింది. అరిచినా బాగుండేది. గుమ్మంలో కూలబడి మొహం చేతుల్లో పెట్టుకుంది. కింద ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు. తప్పు చేశానని తెలుసు, ఏ తప్పో తెలియదు.

వంటింట్లోంచి వచ్చిన నానమ్మ ఇద్దరినీ చూసింది. బొంతను ఒళ్లోకి లాక్కుని, బ్లేడుతో నా కుట్లు తెంపడం మొదలుపెట్టింది.

"గిది మీ నాయినను చంకనేసుకున్న కాడ చినిగింది," అంది నాతో. "గిది ఇటుకల తట్ట మోసిన కాడ."

ఆ సంగతులు అత్తకూ తెలియవు. తలెత్తి వింటోంది. చివరి అతుకు దగ్గర నానమ్మ చెయ్యి ఆగింది.

"గిది మీ తాత కొంగు వట్టి గుంజిన కాడ. గిది మూసే ఉండనియ్యి."

అత్త దగ్గరికి జరిగి, తల్లి చేతిలోని బ్లేడు తీసి పక్కన పెట్టింది. దండ వేసిన తాత ఫోటో వైపు చూడాలంటే నాకు ఆ రోజు నుంచి భయం.

నానమ్మ పోయింది. డాబా ఉన్నచోట అపార్ట్‌మెంట్ లేచింది. ఇప్పుడు మా ఇంట్లో చిరిగేదాకా చీర కట్టేవాళ్లే లేరు. బొంతను ప్రదర్శన నుంచి ఎవరో తీసుకెళ్లారట, ఏ ఊళ్లో ఏ గోడ మీద ఉందో. ఇన్ని చిరుగుల మధ్య ఒక్క అతుకు ఎందుకుందని అక్కడెవరైనా అడిగితే, చెప్పడానికి నేనక్కడ లేను.