తిరుమలరావు చెవి

గజపతినగరం దాటి విజయనగరం వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్కన, పంక్చర్లు వేసే కొట్టుని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. అయినా కారులో పాట సరిగ్గా వినపడనివాళ్లందరికీ ఆ షెడ్డు తెలుసు. తిరుమలరావుకి యాభై రెండేళ్లు. పొట్టి మనిషి, ముక్కు మీద కోపం, చేతిలో పని ఉంటే అన్నం కూడా గుర్తురాదు.

కారు కొన్న ఆర్నెల్లకి ప్రతివాడికీ ఒక గుబులు పట్టుకుంటుంది, పక్కవాడి కారులో పాట తన కారులో కంటే బాగుందని. పట్నంలో పెద్ద షాపుకి వెళ్తే పాతిక వేలు చెప్పి, డిక్కీ నిండా పెట్టె పెట్టి పంపిస్తారు. తిరుమలరావు దగ్గర వెయ్యి దాటదు. వచ్చినవాడికి ముందు తిట్లు, తరవాతే పని.

"పెట్టె మార్సీమని ఎవుడు సెప్పినాడు బాబూ నీకు? ముందు తలుపులో ఆ సిల్లర తియ్యి. నీళ్ల సీసా తియ్యి. సగం గోల అదే. సౌండు పెంచడం ఏటి గొప్ప? గాడిదకీ వస్తాది. ఉన్నది సక్కగా ఇనపడాల."

ఆ తరవాత తలుపు అట్ట ఊడదీసేవాడు. లోపల రేకుకి ఉన్న కంతలన్నీ పాత లారీ ట్యూబు ముక్కలు అతికించి మూసేవాడు. అడుగున వాననీరు పోయే కంతలు మాత్రం ముట్టుకునేవాడు కాదు, అవి మూస్తే రెండు వర్షాలకి తలుపు తుప్పు పడుతుంది. స్పీకరు చుట్టూ మెత్తటి స్పాంజి చుట్టేవాడు. వైర్లు తిరగేసి ఉంటే సరిచేసేవాడు. ఒక స్పీకరు అటూ ఒకటి ఇటూ లాగితే పాటలో బలమంతా చచ్చిపోతుందని అందరికీ చెప్పేవాడు. ముందు అద్దాల దగ్గర వేలెడంత చిన్న స్పీకర్లు రెండు పెట్టేవాడు. అంతే ఖర్చు.

ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. అతని దగ్గర ఉన్నది వేరే. వాళ్ల నాన్న బొబ్బిలి దగ్గర వీణలు చేసేవాడు. పనసదుంగని వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి, ఇది పలుకుతుంది, ఇది మొద్దు అని చెప్పేవాడు. ఆ తట్టడం కొడుకు కారు తలుపులకి తెచ్చాడు. తలుపంతా జానెడు జానెడుగా తట్టి, ఎక్కడ డొల్లగా పలికితే అక్కడే ట్యూబు ముక్క వేసేవాడు. చివర్లో కారెక్కి, అద్దాలన్నీ ఎత్తుకుని, ఒక్కడే కూర్చుని స్టీరియో మీటలు తిప్పి సరిచేసేవాడు. సరిపోయిందనుకున్నాక ఆ మీటల మీద రబ్బరు సొల్యూషను చుక్క వేసి కదలకుండా అతికించేసేవాడు. దాన్ని ఊళ్లో తిరుమలరావు సీలు అనేవారు. ఆ సీలు వేయించుకున్నవాళ్లు మీట ముట్టుకోరు. చుట్టాలకి చూపించి మురిసిపోతారు.

మంచి రోజులు అలా నడుస్తూ ఉండగా ఊరేగింపు బళ్లు వచ్చాయి. అమ్మవారి పండగలకీ పెళ్లిళ్లకీ వ్యాన్ల మీద గోడంత పెట్టెలు కట్టి వాయించేవి. వాటిని సరిచెయ్యడానికీ ఇతన్నే పిలిచారు. సౌండు పెంచడం గొప్ప కాదని అందరికీ చెప్పిన మనిషి, పెట్టెల ముందు మూరెడు దూరంలో నిలబడి ఆరేళ్లు ఆ మోత చెవుల్లో పోయించుకున్నాడు. ఇంటికొచ్చాక చెవుల్లో కీచురాళ్లు అరిచేవి. పొద్దున్నకి పోయేవి. కొన్నాళ్లకి పొద్దున్నకీ పోలేదు.

భార్య ఈశ్వరి ముందు కనిపెట్టింది. కానీ ఆమె అది పెడసరం అనుకుంది.

"మావా, కుక్కరు ఆరు కూతలు కూసినాది. పొయ్యి కాడ నువ్వే కదా కూకున్నావు, దింపకూడదేటి?"

"కూసినాదేటి?"

"ఓలమ్మో! ఈది సివర లక్ష్మణమ్మ వచ్చి అడిగెల్లినాది, మీ ఇంట్లో ఏటి మాడతందీ అని. నీకే ఇనపడనేదు. సెవిటోడి ముందర సంకం ఊదినట్టుంది నా బతుకు."

"నువ్వు నోట్లో నోట్లో గొణుగుతావు. గట్టిగా సెప్పితే ఇనపడతాది."

రెండు వానాకాలాలు వచ్చిపోయాయి, కప్పల అరుపు వినిపించింది గానీ పిచ్చుకల గోల వినిపించలేదు. పిచ్చుకలు తగ్గిపోయాయి కాబోలు అనుకున్నాడు. చెవితో బతికేవాడు చెవి పోయిందని ఎలా అనుకుంటాడు! తలుపు తడితే డొల్ల తెలుస్తూనే ఉంది కదా. లావు చప్పుళ్లు వినపడతాయి, సన్నవి పోతాయి. ఆ సంగతి అతనికి తెలియదు.

అలాంటి రోజుల్లో బొబ్బిలినుంచి పార్వతీదేవి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, బజారులో బట్టల కొట్టున్న సీతారామారావు గారి భార్య. ఆయన పోయి ఏడాది. ఆమెకి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు, సోమవారం గురువారం, విజయనగరం ఆసుపత్రికి వెళ్లి నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. కారు నడిపేది భాస్కర్, పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నాడు.

ఈశ్వరి కుర్చీ వేసి టీ పట్టుకొచ్చింది.

"వద్దమ్మా, రోజుకి అరలీటరు నీళ్లే నాకు. టీ తాగితే రాత్రికి గొంతు తడుపుకోడానికి ఉండదు" అంది పార్వతీదేవి. తిరుమలరావు వైపు తిరిగి, "నాయనా, నీ పేరు విని వచ్చేను. ఆయన నలభై ఏళ్లు రోజూ కొట్టు తెరవబోయే ముందు అరగంట వీణ వాయించేవారు. కచేరీలకి కాదు, ఇంట్లో నాకే. ఈ భాస్కరు ఒకసారి ఫోనులో పట్టేడు. అదొక్కటే మిగిలింది. కారులో పెడితే అద్దాల చప్పుడులో కలిసిపోతోంది. పోయేటప్పుడు భయంరా, వచ్చేటప్పుడు నీరసం. ఆ గంటన్నరా ఆయన పక్కన ఉన్నట్టుంటే చాలు."

తిరుమలరావు ఆ రోజు మరే పనీ పెట్టుకోలేదు. నాలుగు తలుపులూ విప్పాడు. వీణ అనేసరికి నాన్న గుర్తొచ్చాడేమో, ట్యూబు ముక్కలు గోరంత సందు లేకుండా అతికించాడు. సాయంత్రం నాలుగుకి అద్దాలెత్తుకుని కారులో కూర్చుని, భాస్కర్ ఆ వీణ ఎక్కించి తెచ్చిన పెన్ డ్రైవు పెట్టాడు. వీణ దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టుంది. తీగ మీద గోరు పడే చప్పుడే లేదు. సన్న చప్పుళ్లని పెంచే ట్రెబుల్ మీట కొంచెం తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. చిన్న స్పీకర్లని సీట్ల వైపు సూటిగా తిప్పాడు. మీట చివరికంటా వెళ్లాక గోరు చప్పుడు లీలగా వినిపించింది. అదీ అనుకుని సీలు వేసేశాడు.

"బాగుందా అమ్మా?"

ఆమె కొంచెంసేపు విని కళ్లు చికిలించింది. "నువ్వు పెట్టేవు కదా నాయనా, బాగానే ఉంటుంది" అని వెళ్లిపోయింది.

పది రోజులకి కారు మళ్లీ షెడ్డు ముందు ఆగింది. ఆసుపత్రినుంచి తిరిగి వస్తోంది, దిగే ఓపిక లేక అద్దం దించి మాట్లాడింది.

"ఒరే నాయనా, ఏమీ అనుకోకు. ఆయన వాయిస్తుంటే నాకు కునుకు పట్టేది. ఇది వింటుంటే పచ్చి చింతకాయ కొరికినట్టు పళ్లు జివ్వుమంటున్నాయి. ఒక్కసారి చూడవూ?"

షెడ్డులో ఇంకో కారు యజమాని నిలబడి వింటున్నాడు. తిరుమలరావు ముక్కు ఎగబీల్చాడు.

"ఫోనులో పట్టింది కదమ్మా. లోపలేటి ఉంటే అదే బయటికొస్తాది. నా పనిలో తేడా నేదు."

"తిరుమలన్నా, ఒక్కపాలి కూకొని ఇనరాదా?" అన్నాడు భాస్కర్.

"నా సీలు మీద నీకు అనుమానమేటిరా?"

పార్వతీదేవి భాస్కర్ని చేత్తో వారించింది. "పోనీలే. అయితే ఆయనే అలా వాయించేవారేమో. నలభై ఏళ్లు ఇష్టం కొద్దీ బాగుందనుకున్నానేమో నేను" అంది. అద్దం పైకెక్కింది. కారు రామభద్రపురం వైపు పోయింది.

ఆ మాట అతన్ని కూర్చోనివ్వలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఈశ్వరి అన్నం పట్టుకొచ్చేసరికి, బల్ల మీద పాత స్టీరియోకి అలాంటి స్పీకర్లే తగిలించి, తన చెవికి సరిపోయేలా పాట పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోనే క్యారేజీ దించేసి చెవులు మూసుకుంది.

"ఆపు మావా! పళ్లెం మీద మేకుతో గీకినట్టు ఏటది?"

"బాగోనేదా?"

"బాగోడవేటి, ఈది కుక్కలు కూడా పారిపోతాయి. తగ్గించు."

తగ్గించాడు. ఇంకా తగ్గించమంది. మీట సగానికి వచ్చాక, "ఆఁ, ఇప్పుడు బాగుంది, పాటలాగుంది" అంది. అతనికి అప్పుడు గొణుగుడు తప్ప ఏమీ వినపడటం లేదు. మీట మీద వేలు తియ్యకుండా అలాగే ఉండిపోయాడు. ఎన్ని కార్లు, ఎన్ని సీళ్లు! ఎవరూ చెప్పలేదు. తిరుమలరావు వేసిన సీలు కదా, తమ చెవులదే తప్పనుకుని ఉంటారు.

విజయనగరంలో చెవుల డాక్టరు అతన్ని గాజుగదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నాడు. చాలాసేపు అతని వేలు కదలలేదు. పరీక్ష ఇంకా మొదలుపెట్టలేదు కాబోలనుకున్నాడు. బయటికొచ్చాక డాక్టరు కాగితం మీద కిందికి జారిపోయిన గీత చూపించి, నరం పోయింది, మందుల్లేవు, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి గానీ పాట పాటలా ఉండదు అన్నాడు.

తిరుగు బస్సులో, వెంట వచ్చిన ఈశ్వరి అతని చెవి దగ్గరకొచ్చి చెప్పింది. "ముందు ఆ బొబ్బిలమ్మకి సెప్పీ. ఆ కారు సరిసేసీ."

"సెప్తే రేపటికి ఊరంతా తెలిసిపోతాది. తిరుమలరావుకి సెవుల్లేవంటే మన గుమ్మం ఎవుడు తొక్కుతాడే?"

"సెవి పోతే సెవే పోనాది మావా. నోరు పోనేదు కదా."

సోమవారం ఆ కారు వచ్చే వేళకి అతను రోడ్డు పక్కన నిలబడ్డాడు. కారు వచ్చింది. వెనక సీట్లో పార్వతీదేవి తల అద్దానికి ఆనించి ఉంది. చెయ్యి ఎత్తితే భాస్కర్ ఆపుతాడు. పంక్చరు కొట్టు దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు చెప్పాలి. చెయ్యి లేవలేదు. గురువారం ఎవరూ లేరు. ఆ రోజూ లేవలేదు. వచ్చే సోమవారం తప్పకుండా అని ఈశ్వరికి చెప్పాడు. ఆ సోమవారం కారు రాలేదు. గురువారమూ రాలేదు.

మూడు వారాల తరవాత భాస్కర్ ఒక్కడే కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. గడ్డం మాసి ఉంది.

"అమ్మగారు పోనారన్నా. మిషను మీదే" అన్నాడు గట్టిగా, ఇంజను ఆగని చప్పుడు మీదనుంచి. "సుట్టాలు కారు అమ్మీస్తన్నారు. కొనేవోడు పాటలు సెవుల్లో పొడుస్తన్నాయంటన్నాడు. సూడమన్నారు."

తిరుమలరావు అడక్కుండా ఉండలేకపోయాడు. "వీణ ఇనేవారా?"

"లేదు. రెండోపాలి నీ కాడికొచ్చి ఎల్లినాక ఒక్కపాలే పెట్టించినారు. రెండు నిమిషాలకే తీసీమన్నారు. ఆయన్నిలా గుర్తుపెట్టుకోలేనురా అన్నారు. ఆ తరవాత ఉత్తినే కిటికీలోంచి సూస్తూ ఎల్లేవారు."

అతను ఈశ్వరిని పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. భాస్కర్ చేత పెన్ డ్రైవులో వీణ పెట్టించి, బ్లేడుతో సీలు గీకేశాడు. చిన్న స్పీకర్లని మనుషుల మీదనుంచి పక్కకి తిప్పాడు. మీట మెల్లగా వెనక్కి తిప్పుతూ ఈశ్వరి మొహమే చూస్తున్నాడు. ఆమె చెయ్యి ఎత్తింది, ఆగిపోయాడు.

భాస్కర్ స్టీరింగు మీద తల వాల్చేశాడు. అలాగే అన్నాడు, "ఇదే. అయ్యగారిదే ఇది. అరుగు మీద కూకొని ఇన్నట్టే ఉంది." తల ఎత్తాడు. "ఐదు నిమిషాలు కూడా పట్టనేదు కదన్నా. ఆ రోజెందుకు సెయ్యనేదు?"

"నాకు సన్నవి ఇనపడవురా భాస్కరూ. శానా రోజులై ఇనపడవు. ఆ రోజు తెల్దు, పొగరుతో అన్నాను. తరవాత తెలిసినాది. తెలిసినాక రెండుసార్లు మీ కారు ఈ రోడ్డునే ఎల్లినాది. ఆపనేదు."

భాస్కర్ పెన్ డ్రైవు లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఈశ్వరి దిగేదాకా ఆగి, తలుపు తనే వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ తిరుమలరావు ముందే చెప్పడం మొదలుపెట్టాడు. తలుపులు నేను చేస్తాను, చివర్లో వినేది మా ఆవిడ, ఇష్టమైతే కారు పెట్టండి అని. పాత సీళ్లున్నవాళ్లని కూడా రమ్మని కబురు పెట్టాడు, కొద్దిమందే వచ్చారు. సాలూరునుంచి వచ్చిన ఒకడు, "వంట సేసే మనిషి సెవితో నా కారేటి!" అని నవ్వి బండి తిప్పుకున్నాడు. ఊళ్లో మాట పాకింది. రోడ్డు అవతల ఇంకో కుర్రాడు పెద్ద బోర్డుతో షాపు తెరిచాడు, కార్లు అటు ఆగుతున్నాయి.

ఆ నెలలో ఆరు కార్లు వచ్చి నాలుగు వెనక్కి పోయాయి. మిగిలిన రెండింటిలో ఈశ్వరి కొంగు బిగించుకుని ముందు సీట్లో కూర్చుంది. అతను ఆమె మొహం చూస్తూ మీట తిప్పాడు, చెయ్యి ఎత్తితే ఆపాడు. లోపల ఏ పాట వస్తోందో అతనికి తెలియలేదు. ఆమెని అడగలేదు కూడా.