మూత మీద సుద్ద గుర్తు

బండ్లు రిపేరు చేసే ఆ షెడ్డులో ఆమెని అందరూ టాపెట్ అక్క అంటారు. ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు సరిచేయడంలో ఇరవై రెండేళ్లుగా ఆమె చేతికి తిరుగులేదు. ఆ ఇంజిన్ల హోరుకే ఎడమ చెవి పోయింది. మిగతావాళ్లు చప్పుడు విని బిగిస్తారు. ఆమె సందులో పల్చటి ఉక్కు రేకు పెట్టి లాగి చూస్తుంది. అది వేలికి కాస్త పట్టినట్టుండి రావాలి. ఊరికే జారకూడదు, ఇరుక్కోకూడదు. పని ముగిశాక ఇంజిన్ మూత మీద సుద్దతో సున్నా చుడుతుంది. ఎవరి గుర్తుంటే, బండి దారిలో ఆగినప్పుడు వాళ్లే వెళ్లి బాగుచెయ్యాలి. అది షెడ్డు పద్ధతి.

నిన్న ఆమె సరిచేసిన బస్సుకి, ఇవాళ పొద్దున్నే మేస్త్రీ మళ్లీ మూత విప్పించాడు. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు.

“బస్సు ఓనరుకి టిక్‌టిక్ వినపడుతోందట. ఇంకో పిసరు బిగించెయ్ అక్కా.”

“అది వినపడాలి. వేడెక్కితే వాల్వు సాగుతుంది. సాగే చోటు లేకపోతే సరిగ్గా మూసుకోదు, మాడిపోతుంది. అప్పుడు మీ ఓనరుకి ఏ చప్పుడూ ఉండదు. బస్సే కదలదు.”

“చెవే లేదు, నువ్వు నాకు చప్పుడు గురించి చెప్తావా?”

స్టెప్నీ మీద కూర్చున్న డ్రైవరు కిసుక్కున నవ్వాడు.

“చెవి లేకే వేలిని నమ్ముకున్నా. నీకు రెండున్నాయి, ఓనరు మాట తప్ప ఇంకేం వినపడి చావదు.”

డ్రైవరు ఈసారి మొహం తిప్పుకుని నవ్వాడు.

“బిగిస్తావా, రేపట్నుంచి మానేస్తావా?” మేస్త్రీ గొంతు పెరిగింది.

ఆమె గుడ్డ తీసుకుని మూత మీది సున్నా తుడిచేసింది. స్పానరూ సుద్దముక్కా అతని చేతిలో పెట్టింది.

“నువ్వే బిగించు. నీ గుర్తు పెట్టుకో.”

మేస్త్రీ విసురుగా స్పానరు మొదటి నట్టుకి తగిలించాడు. కానీ తిప్పలేదు.

“ఇవాళ కొండెక్కాలి మేస్త్రీగారూ,” అన్నాడు డ్రైవరు మెల్లగా. “ఎవరి గుర్తుతో ఎక్కమంటారు?”

మేస్త్రీ జేబులో ఫోన్ మోగింది. ఓనరే. ఎత్తలేదు. స్పానరూ సుద్దా బల్ల మీద పడేసి, “మూత పెట్టెయ్,” అని నడిచిపోయాడు.

ఆమె మూత బిగించి, నిన్నటికంటే పెద్ద సున్నా చుట్టింది.

“రేపు నాకు ఏ బండి?” అని వెనక నుంచి కేకేసింది.

అతనేమన్నాడో ఆమెకి వినపడలేదు. అతని చెయ్యి మాత్రం మూలనున్న లారీ వైపు చూపించింది.