బొంత కుట్టు

కామారెడ్డిలో నా కుట్టుకు మంచి పేరుండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది. నా చేతిలో పడిన గుడ్డ చిరిగితే చిరగాలి గానీ కుట్టు మాత్రం ఊడదు. రైలు గేటు దగ్గర అద్దెకున్న రెండు గదుల్లో, ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. వానాకాలం గిరాకీ తగ్గితే పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేదాన్ని. బొంతలు అందరూ కుడతారు. నేను కుట్టిన బొంతలో పొర కదలదు. రెండు వేళ్ళ దూరంలో ఒక వరుస, మళ్ళీ రెండు వేళ్ళకు ఇంకో వరుస. ఎన్నేళ్ళు ఉతికినా లోపలి గుడ్డ ముద్దకట్టదు. ఈ గొప్పలన్నీ ఎందుకంటే, ఆ గొప్పే నా కొంప ముంచింది.

మా ఆయనది చెట్లు కోసే పని. 2009లో గొడ్డలీ, చేతి రంపమూ అటక మీద పెట్టేసి పెట్రోలుతో నడిచే రంపం మిషన్ కొన్నాడు. ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి పనికి పోయేవాళ్ళు. మరిది ఎల్లారెడ్డిలో అత్తగారింటి పక్కనే కాపురముండేవాడు. కరెంటు తీగలకు తగిలే కొమ్మలు, ఇళ్ళ మీదికి వంగిన వేపలు, పొలం గట్ల మీది జామాయిల్ చెట్లు, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఎవరు పిలిచినా ఇద్దరూ వాలేవాళ్ళు. పైకెక్కేది ఎక్కువగా మరిదే.

మా ఆయన జాగ్రత్త మనిషి. మిషన్‌ను నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు దూర్చి నొక్కిపట్టి అప్పుడు తాడు లాగేవాడు. చేతిలో ఊపుకుంటూ స్టార్ట్ చేసేవాళ్ళు కనబడితే కొట్టినంత పని చేసేవాడు. భుజం కన్నా ఎత్తులో కోసేవాడు కాదు. సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ చల్లారేలోగా చెయిన్ పళ్ళకు ఆకురాయి పట్టేవాడు. ఇంత చేసే మనిషి కాళ్ళకు మాత్రం రబ్బరు చెప్పులు, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన పాత ప్యాంటు. నేను మొత్తుకునేదాన్ని. ఆయన వినేవాడు, నవ్వేవాడు, ఆ చెప్పులే తొడుక్కుని పోయేవాడు.

మా అన్న దుబాయిలో తోటల కంపెనీలో పనిచేసేవాడు. ఒకసారి సెలవు మీద వస్తూ రెండు హెల్మెట్లు, రెండు ప్యాంట్లు తెచ్చాడు. హెల్మెట్లకు ముఖం మీదికి జాలీ, చెవులకు దొప్పలు. ప్యాంట్లు ఎత్తితే ఒక్కోటి పిల్లాణ్ణి ఎత్తినంత బరువు.

"బావా, గీ ప్యాంటు ఏసుకుంటె మిషన్ కాలు మీద పడ్డా కాలు తెగది" అన్నాడు అన్న.

ఎందుకు తెగదో మేము అడగలేదు. అన్న కూడా చెప్పలేదు. కంపెనీవాళ్ళు ఇస్తే తొడుక్కోవడమే అన్నకు తెలుసు.

"గీ ఎండల గిది ఏసుకుంటె కాళ్ళు ఉడుకుతయ్" అని మా ఆయన సణిగాడు.

"ఉడికితె ఉడకనియ్యి. తెగితె ఎవడు కుడతడు?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

మొదటిసారి ఉతికినప్పుడు ప్యాంటు తిరగేసి చూశాను. తొడల ముందు భాగంలో లోపల తెల్లటి దారాలు, పొరలు పొరలుగా. ఆ పొరలను పైన నడుము దగ్గరా, అంచుల దగ్గరా పట్టించి, మధ్యలో అంతా వదులుగా వదిలేశారు. ఉతికి ఆరేస్తే లోపలిది ముద్దగా జారినట్టనిపించింది. దేశం కాని దేశంలో కుట్టిన ప్యాంటు, ఇంత సోమరి కుట్టా అని నవ్వుకున్నాను. చెయ్యి దురద పెట్టింది కానీ గిరాకీ రోజులు, అప్పటికి వదిలేశాను.

ఎండాకాలంలో ఒకరోజు మా ఆయన ఎడమ తొడ మీద చిరిగిన ప్యాంటుతో ఇంటికొచ్చాడు. ఆ చిరుగులోంచి జానెడు జానెడు తెల్లటి దారాలు వేలాడుతున్నాయి. గబగబా తొడ తడిమి చూశాను. ఆయన మాత్రం నవ్వుతున్నాడు.

"మిషన్ జారి కాలు మీద పడ్డది. దారాలన్ని గుంజుకొని చెయిన్ల ఇరికినయ్, మిషన్ అక్కడికక్కడ ఆగింది. కాలికి గీర గూడ పడలె. గా దారాలు తీసేసరికే పొద్దుగూకింది, పని అంత ఆగమైంది."

ఇంకెవరైనా అయితే ఆ మాటల్లో మొదటి సగం వినేవాళ్ళు. నేను రెండో సగం విన్నాను. దారాలు ఊడి మిషన్‌లో ఇరికాయి, పని ఆగమైంది. నేనున్న ఇంట్లోంచి పోయిన బట్ట నలుగురి ముందూ దారాలు వేలాడేసుకుని తిరిగిందని నాకు సిగ్గేసింది. అన్నం పెట్టి, ఆయన పడుకోగానే బొంతలు కుట్టే పెద్ద సూది తీశాను. బయటికొచ్చిన దారాలు లోపలికి తోసి, మాసిక వేసి, రెండు తొడలకూ పైనుంచి మోకాలి కింది దాకా వరుసలు వేశాను. రెండు వేళ్ళకొకటి. గట్టి దారం, దగ్గర కుట్టు. మరిది తన ప్యాంటు పొడవు తగ్గించమని మా ఇంట్లోనే ఇచ్చిపోయాడు. దానికీ అలాగే వేశాను. ఇక చూడు, ఒక్క పోగు బయటికి రాదు అనుకున్నాను.

నిజంగానే రాలేదు.

2012 వానలు వెనకబట్టిన రోజుల్లో అన్నదమ్ములిద్దరూ పోచారం వైపు జామాయిల్ కోతకు పోయారు. చెట్టు కోస్తున్నప్పుడు కాదు, పడిన చెట్టుకు కొమ్మలు కొడుతున్నప్పుడు జరిగింది. మిషన్ కొస ఏదో కొమ్మకు తగిలి ఎగిరి, మా ఆయన కుడి తొడ మీదికి వచ్చింది. మరిది తన తువ్వాలతో గట్టిగా కట్టి, దొరికిన ఆటోలో వేసుకుని కామారెడ్డి తీసుకొచ్చాడు. నేను దవాఖానకు పరిగెత్తేసరికి ఆయన్ను లోపలికి తీసుకుపోయారు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, కండ బాగా తెగింది కానీ ఎముకకు ఏమీ కాలేదు, కాలు నిలుస్తుంది అన్నాడు. నేను బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. మరిది నా పక్కన కూర్చున్నాడు.

"వదినా, నువ్వు గట్ల మందంగ కుట్టకపోతె ఎముక దాక పోతుండె. నీ కుట్టే కాపాడింది" అన్నాడు. చుట్టూ ఉన్న చుట్టాలు, పక్కింటివాళ్ళు అందరూ విన్నారు. అందరూ నా వైపు చూశారు. ఆ ఏడుపులోనూ నాకు కడుపు నిండినట్టయింది. అబద్ధమెందుకు.

కాసేపటికి నర్సు ఆయన బట్టలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది. నెత్తురు పోయేలా నానబెడదామని బాత్రూంకు తీసుకుపోయాను. నల్లా కింద ప్యాంటు పరిచి తెగిన చోట వేలు పెట్టి చూశాను. నా కుట్టు వరుసల మధ్య లోపలి దారాలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు తెగి ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. ఒక్కటీ పైకి లేవలేదు, ఒక్కటీ పొడవుగా రాలేదు. ఎండాకాలంలో ఎడమ కాలి మీద వేలాడిన జానెడు దారాలు గుర్తొచ్చాయి.

కుట్టు వేయని అంచు దగ్గర లోపలి దారం ఒకటి పట్టి లాగాను. మెత్తగా, ఆగకుండా, మూరెడు వచ్చింది. కుట్టు ఉన్న చోట లాగాను. కదలలేదు. నా చేతులకు గుడ్డ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దారాలు వదులుగా ఉన్నది ఎవరి సోమరితనంతోనూ కాదు. మిషన్ తగలగానే ఊడి వచ్చి, చెయిన్‌కు చుట్టుకుని, దాన్ని ఆపడానికి. ఎండాకాలంలో అవి చేసిన పని అదే. నేను వాటిని కట్టేశాను.

అక్కడే నిలబడి దుబాయికి ఫోన్ చేశాను. "అన్నా, నువ్వు తెచ్చిన ప్యాంటుకు కుట్లేయొచ్చునా?"

"సూది గుచ్చొద్దని మా ఫోర్మన్ అంటుండె. నీకు చెప్పలేదా నేను? ఎందుకడుగుతున్నవ్?"

"ఏం లేదు" అని పెట్టేశాను.

బయటికొచ్చేసరికి మరిది వెళ్ళడానికి లేచాడు. ఎల్లారెడ్డి రోడ్డు పక్కన పెద్ద చింతచెట్టు, కొమ్మలన్నీ ఎండి ఒక ఇంటి రేకుల మీదికి వాలి ఉంది, అన్నదమ్ములిద్దరూ సగం కోసి వదిలేశారట. ఇంటివాళ్ళు తొందర పెడుతున్నారు, రేపు మిగిలింది తానొక్కడే కానిస్తానన్నాడు.

"ఒక్కనివే ఎట్ల ఎక్కుతవ్?" అన్నాను.

"తాడు పట్టనీకె ఒక మనిషిని పెట్టుకుంట. ఇంక నా ప్యాంటు గూడ నువ్వే కుట్టినవ్ గద వదినా, నాకేం భయం" అన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. ఎదురుగా అందరూ ఉన్నారు. వాళ్ళ ముందు ఇంతసేపూ మంచి కోడలిగా, మంచి పనిమంతురాలిగా కూర్చున్న మనిషిని నేను. నోరు తెరిచి "పైలం, సూసుకొని ఎక్కు" అన్నాను. వాడు సరేనని మెట్లు దిగి పోయాడు.

మరునాడు పొద్దంతా మంచం పక్కన కూర్చున్నాను. చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషికీ మా ఆయన అదే చెప్పాడు, మా ఇంటామె కుట్టు వల్లనే బతికి బయటపడ్డానని. ఒకామె నా చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఫోన్ చేద్దామని రెండు మూడుసార్లు వరండాలోకి పోయాను. వాడు ఇప్పుడు చెట్టు మీద ఉంటాడు, ఫోన్ మోగితే చెయ్యి జారుతుందని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. సాయంత్రం తోటికోడలికి చేశాను. "ఆయన ఇప్పుడే దిగిండు అక్కా, ఇంక సగం మిగిలిందట, పొద్దున మల్ల ఎక్కుతడట" అంది. ఆమెకైనా చెప్పలేదు. బావగారికి ఎట్లుందని ఆమె అడిగితే, బాగానే ఉన్నాడన్నాను.

ఆ మరునాడు పొద్దున మా ఆయన లేచి కూర్చుని నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "మీ అన్నను ఇంకో జత పంపుమను. గట్లనే కుట్టియ్యి" అన్నాడు.

చెయ్యి లాక్కుని, చాయ్ తెస్తానని చెప్పి, తిన్నగా బస్టాండుకు పోయాను. ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దేవుడా, వాణ్ణి ఒక్క గంట కింద ఉంచు అని మొక్కుకుంటూ పోయాను. రోడ్డు పక్కన కోసిన చెట్టు మొద్దు కనబడినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను.

బస్సు దిగగానే దూరం నుంచి మిషన్ చప్పుడు వినబడింది. వాడు కొమ్మల సందులో నిలబడి కోస్తున్నాడు. నెత్తి మీద హెల్మెట్, చెవులకు దొప్పలు. నేను కింది నుంచి ఎంత అరిచినా వినబడే దారి లేదు. చెట్టు కిందికి పరిగెత్తబోతే తాడు పట్టుకున్న మనిషి కసిరి ఆపాడు. చేసేది లేక రోడ్డు మీద నిలబడి చీర కొంగు ఎత్తి ఊపాను. పక్కకు తిరిగిన వాడి తొడల మీద నా కుట్టు వరుసలు కింది దాకా కనబడుతున్నాయి. ఎంత చక్కగా వచ్చాయో.

చివరికి వాడు చూశాడు. మిషన్ బంద్ చేసి, తాడుతో కిందికి దించి, గబగబా దిగాడు. ముఖం పాలిపోయి ఉంది.

"అన్నకేమైంది?"

"ఏం కాలె. నువ్వు ఆ ప్యాంటు ఇప్పు."

వాడికి ప్రాణం లేచొచ్చింది. "నడి రోడ్డు మీద ప్యాంటు ఇప్పుమంటున్నవ్, ఏందొదినా, నీకేమన్న అయ్యిందా?" అని నవ్వాడు.

"మీ అన్న కాలు కోసింది నా కుట్టే" అన్నాను.

వాడు నవ్వు ఆపాడు. నేను చెప్పుకుపోయాను. బాత్రూంలో చూసింది, మా అన్న ఫోన్లో అన్నది, అన్నీ. "గట్టిగ కుట్టినవ్ గద వదినా" అన్నాడు వాడు, అర్థం కాక. "గట్టిగ కుట్టుడే తప్పురా" అన్నాను. వాడు తొడ మీది కుట్లను అరచేత్తో తడుముకున్నాడు. ఇంటికి పోయి లుంగీ కట్టుకుని ప్యాంటు తెచ్చి ఇచ్చాడు. కుట్లు విప్పితే మళ్ళీ పనికొస్తుందేమోనన్నాడు. సూది ఎక్కడెక్కడ ఏ పోగును తెంపిందో ఎవరికి తెలుసు. సంచిలో ఎప్పుడూ ఉండే కత్తెర తీసి ప్యాంటు రెండు కాళ్ళూ అడ్డంగా కోసేశాను. ఇంటివాళ్ళు రేకుల మీది కొమ్మ సంగతేమిటని గొడవ పెట్టుకున్నారు. వాడు మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

సాయంత్రం దవాఖానలో మా ఆయనకు చెప్పాను. తల వంచుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన కాలి కట్టు వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్ను తెచ్చిన నాడే. బట్టలు నానబెడుతుంటె."

ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. "మరి నిన్న పొద్దంత వాడు చెట్టు మీదనే ఉన్నడు గద" అన్నాడు.

"అందరు మెచ్చుకుంటుంటె నోరు రాలె" అన్నాను.

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. రాత్రి అన్నం తినిపిస్తుంటే తిన్నాడు, నీళ్ళిస్తే తాగాడు.

అన్న మళ్ళీ కొత్త ప్యాంటు పంపేదాకా మరిది వడ్ల మిల్లులో బస్తాలు మోశాడు. మా ఆయన కొంచెం కుంటుతూ నడుస్తాడు, చెట్టు ఎక్కడు, కింద తాడు పట్టుకుంటాడు. తన కాలు గురించి ఈనాటి దాకా నన్ను ఒక్క మాట అనలేదు. కుట్టు తెలియక వేశాను, దానికి ఏడ్చాను, ఆ ఏడుపు ఎప్పుడో అయిపోయింది. నడుమనున్న ఆ ఒక్క రోజును మాత్రం అన్నీ తెలిసే గడిపాను.

మరిది ఇప్పటికీ చెట్టు ఎక్కే రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేస్తాడు. "పోతున్న వదినా" అంటాడు. పైలం అనడానికి నాకు నోరు రాదు. "ఏం ప్యాంటు ఏసుకున్నవ్?" అని అడుగుతాను.