డొల్ల పలికిన గోడ

మా ఇంటాయన పోయాక పరామర్శకు వచ్చినవాళ్లంతా ఆయన్ను మంచి మేస్త్రి అన్నారు. నిజమే గానీ ఆయన కొత్తగా కట్టిన ఇళ్లు నాకు తెలిసి రెండో మూడో. ఆయన పని వేరు. చదువు నాకు ఐదో తరగతితోనే ఆగిపోయింది, రాయడం అలవాటు లేదు. అయినా ఆ పని ఏమిటో ఎక్కడో ఒకచోట రాసి ఉంచాలనిపించింది.

మా వైపు పాత ఇళ్లకు రాతిగోడలు. రాయికీ రాయికీ నడుమ మట్టి పెట్టి కట్టినవి. తర్వాత దుబాయి, మస్కట్ పైసలు వచ్చి ఆ గోడల మీద బయటి నుంచి సిమెంటు పూశారు. మట్టిగోడ సిమెంటును పట్టుకోదు. నాలుగు ఎండలు, నాలుగు వానలు పడేసరికి పూత గోడను విడిచి నిలబడుతుంది. చూడడానికి ఏమీ కనిపించదు. వేలి కణుపుతో కొడితే మాత్రం ఖాళీ డబ్బా కొట్టినట్టు పలుకుతుంది. దాన్నే డొల్ల అంటారు. ఆ సందులోకి వాననీళ్లు దిగితే లోపలి మట్టి కరిగిపోయి ముందు పూత ఊడుతుంది, వెనకనే గోడ కూలుతుంది. ఆ సందు పూడ్చడమే ఆయన పని.

ఆయన పుట్టింది సిరిసిల్లలో, చేనేత ఇంట్లో. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్నవాడే. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం తిండి పెట్టలేదు. మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు. అక్కడ మిషన్లు పొద్దంతా అదురుతుంటే గోడలకు పూత నిలిచేది కాదు. ఆ షెడ్డు గోడలు బాగుచేయడానికి వచ్చిన ముసలి మేస్త్రి వెంట పడి సున్నం పని నేర్చుకున్నాడు. నూలు తెగితే చెవితో పట్టుకునే మనిషికి గోడ చప్పుడు తెలియడం కష్టం కాలేదు. తర్వాత నన్ను చేసుకుని మా ఊరికి ఇల్లరికం వచ్చాడు. మా ఊరు జగిత్యాల నుంచి గొల్లపల్లి పోయే దారిలో లోపలికి ఉంటుంది. ఊరంతా ఆయన్ను అల్లుడనే పిలిచేది. పేరు నర్సన్న అని ఇంటి పన్ను వసూలుకు వచ్చినవాళ్లకే గుర్తుండేది.

అవి ఎనభైల నడిమి ఏండ్లు. ఊళ్లలో నక్సలైట్ల సంఘాలు, వెనకాల పోలీసు క్యాంపులు. ఏ ఊళ్లోనో గోడలో తుపాకి దొరికిందని ఎవరో చెప్పారట, అప్పటి నుంచి సోదాకు వచ్చిన పోలీసులు లాఠీతో గోడలు కొట్టి చూడడం మొదలుపెట్టారు. డొల్ల పలికితే గడ్డపార వేసేవాళ్లు. వడ్రంగి పని చేసే వడ్ల లచ్చయ్య ఇంటికి అట్లనే వేశారు. లోపల ఏమీ దొరకలేదు. ఆ వానకాలమే లచ్చయ్య ఇంటి పడమటి గోడ కూలింది.

వానలు తెచ్చే మిరుగం కార్తె ఇంకా రాలేదు, ఎండలు మండుతున్నాయి. ఒక పొద్దుటి పూట రాజవ్వ మా ఇంటికి వచ్చింది. రాజవ్వ మా అమ్మ ఈడుది, నాకు పెద్దమ్మ వరుస. భర్త ముత్యం మస్కట్‌లో నాలుగేండ్లు చేసి వచ్చి ఇంటికి సిమెంటు పూయించి, ఆ తర్వాత జ్వరంతో పోయాడు. ఒక్కడే కొడుకు కొమురెల్లి. వాడు అన్నల్లో కలిసి అడవికి పోయి ఏడాది దాటింది.

"అల్లుడా, మా ముంగటి గోడ డొల్ల వడ్డది," అన్నది రాజవ్వ, గడపలోనే కూర్చుని.

"ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పుడేంది? నేనే గంటెతోని కొట్టి సూసిన. కిటికి కాడికెళ్లి మూల దాంక సప్పుడే. ఈపారి వాళ్లు అస్తె గడ్డపార ఏస్తరు. లచ్చయ్య గోడ లెక్కనే నాది గూడ కూలుతది."

"మేస్త్రులను అడగకపోయినవా?"

"అడిగిన. గొల్లపల్లి మేస్త్రికి నడుం నొస్తుందట. కోరుట్ల ఆయనకు అత్త సచ్చిందట. గా అత్త పోయినేడే సచ్చింది, దినాలకు నేనే పోయచ్చిన."

ఆయన నవ్వాడు. రాజవ్వ నవ్వలేదు.

"ఇల్లు కూలితే మా తమ్ముడు గంగారాం సిరిసిల్లకు తోలుకపోతా అంటున్నడు. వానికి నా మీద పావురమే, పాణమిస్తడు. గని నేను పోతే, నా కొడుకు ఏ పొద్దన్న అచ్చిండనుకో, ఎవలింటికి అస్తడు? గీ ఇల్లొక్కటే వానికి ఎరుక."

ఆయన లేచి, మూలన ఉన్న సున్నం తొట్టి మీద గోనె పట్టా తీసి చూశాడు. పని ఒప్పుకున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. నాకు భయమే అయింది. కానీ పెద్దమ్మ ముందు ఏమనను?

ఆ పని తొందరగా అయ్యేది కాదు. ముందు పూతకు అక్కడక్కడ చిన్న రంధ్రాలు వేసి, నీళ్లు పోసి లోపలి దుమ్ము కడగాలి. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న నూలు చెత్తను సున్నంలో ముంచి, కింద అంచుకూ పగుళ్లకూ కుక్కాలి. అప్పుడు పలచగా కలిపిన సున్నం లోపలికి వదలాలి. అదీ ఒక్కసారి కాదు. రోజుకు జానెడు ఎత్తే పోసి, అది గట్టిపడ్డాక దాని మీద ఇంకో జానెడు. ఎక్కువ పోస్తే తడి బరువుకు పూత పొట్టలాగా ఉబ్బి పగిలిపోతుంది.

ఆయన రోజూ రాజవ్వ ఇంటికి పోవడం ఊరంతా చూసింది. లచ్చయ్య బాడిశె భుజాన పెట్టుకుని మా వాకిట్లో ఆగేవాడు.

"ఏమయ్యా అల్లుడా, ఊళ్లె ఇంకెవలకు గోడలు లెవ్వా? గా గోడకే దొరికినవా?"

"నీ గోడ ఉంటె నీదే జేద్దును లచ్చన్నా. అది కూలె గదా."

"కూలింది గోడనే, మనిషిని గాదు. నీకు ఆ తేడా ఎరుక కావాలంటున్న."

తిట్టినట్టే మాట్లాడేవాడు గానీ, పూతకు దన్ను పెట్టడానికి రెండు పాత చెక్కలు లచ్చయ్యే తెచ్చి పడేసి పోయాడు.

గోడ సగం నిండేసరికి జీపు వచ్చింది.

నేను అప్పుడు ఆయనకు సద్ది తీసుకుపోయి అక్కడే ఉన్నాను. ఎస్సై కోస్తా వైపు మనిషి, కొత్తగా వచ్చినవాడు. ఇల్లంతా చూసి బయటికి వచ్చి లాఠీతో గోడ కొట్టాడు. కింద కొడితే గట్టిగా, పైన కొడితే డొల్లగా పలికింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అట్లనే.

గోడంతా డొల్లగా ఉంటే పాత గోడ అనుకునేవాళ్లు. అంతా గట్టిగా ఉంటే పోయేవాళ్లు. సగం నింపిన గోడ ఎట్లా పలుకుతుందో, అది వినే చెవికి ఏమనిపిస్తుందో మా ఇంటాయన ఆలోచించలేదు. చెవితో బతికిన మనిషి అక్కడే తప్పాడు.

"ఏంటయ్యా ఇది? లోపల ఏం పెట్టి మూస్తున్నావు?" అన్నాడు ఎస్సై.

"ఏం పెడుతలేను సారు. డొల్ల నింపుతున్న. కిందికెళ్లి మీదికి నింపుకుంట అస్తరు, సగమే అయ్యింది."

"ఈ ఇల్లు ఎవరిదో తెలిసే చేస్తున్నావా?"

"రాజవ్వది సారు."

"ఆమె కొడుకు ఎక్కడున్నాడో తెలుసా?"

"అది నాకెట్ల ఎరుకైతది సారు? నాకు గోడ ఎరుక."

ఒక పోలీసు గడ్డపార ఎత్తాడు. రాజవ్వ గోడకు అడ్డం పోబోయింది. ఆయన చెయ్యి చాచి ఆమెను ఆపాడు.

"సారూ, పలగ్గొట్టి సూడుండ్రి, ఒద్దనలేను. గని గడ్డపార ఏస్తె పూతంత ఒక్కపారే ఊడుతది, ముసల్దాని ఇల్లు వోతది. మీరు ఏడ సూపెడితె ఆడ నేనే తీస్త."

 ఎస్సై కిటికీ పక్కన పై భాగంలో లాఠీతో చూపాడు. ఆయన ఉలితో మెల్లగా చెక్కి, చెయ్యి పట్టేంత రంధ్రం చేశాడు. పూత పెళ్ల ఒక్కటీ అదనంగా రాలలేదు.

"చిన్నయ్యా, చెయ్యి పెట్టి చూడు," అన్నాడు ఎస్సై.

హెడ్డు కానిస్టేబులు చిన్నయ్య మా వైపు మనిషే. "నేనా సారు?" అని అటూ ఇటూ చూసి, మోచేతి దాకా పెట్టాడు. మరుక్షణం "అవ్వో!" అని ఎగిరాడు. రంధ్రంలో నుంచి బల్లి ఒకటి అతని చొక్కా చేతిలోకి దూరింది. చిన్నయ్య చొక్కా దులుపుకుంటూ వాకిలంతా తిరిగాడు. ఎస్సై మొహం పక్కకు తిప్పుకున్నాడు, మీసం కదిలింది. మాకు మాత్రం నవ్వడానికి ధైర్యం లేదు.

బల్లి తప్ప ఏమీ దొరకలేదు. అయినా ఎస్సై మా ఇంటాయన్ను వదల్లేదు. "రేపటి నుంచి పొద్దున్నే ఠాణాకు వచ్చి కూర్చో. సాయంత్రం పంపిస్తాం. నేను చెప్పేదాకా ఈ గోడ ముట్టుకోకు," అన్నాడు.

ఆ కాలంలో అట్లా ఠాణాకు పోయి కూర్చుని వచ్చినవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. మా ఇంటాయన తువ్వాల భుజాన వేసుకుని పోయేవాడు, పొద్దు గూకేసరికి వచ్చేవాడు. కొట్టలేదు. బల్ల మీద కూర్చోబెట్టి ఊరికే ఉంచేవాళ్లు. ఆయన చింత ఠాణా కాదు.

"కింద బందువెట్టిన. ఇప్పుడు వానవడితె నీళ్లు లోపలికి దిగి కిందికి పోయే తొవ్వ లేక ఆడనే ఆగుతయి. ఉత్త డొల్ల ఉన్నప్పటికంటె ఇది మోసం, గోడ ఇంక తొందరగ కూలుతది," అన్నాడు అన్నం ముందు కూర్చుని.

పొద్దున నేను పోయి ఆ మాట రాజవ్వకు చెప్పాను. పడమట మబ్బు పట్టి ఉంది. ఆమె కొంగు నడుముకు చుట్టింది.

"అల్లుణ్ని ముట్టద్దన్నరు. నా గోడను నన్ను ముట్టద్దన్నరా? సున్నం వట్కరా బిడ్డా."

ఆయన చేస్తుంటే ఆమె రోజూ పక్కనే కూర్చుని చూసింది. నేను సున్నం వడగట్టి ఇస్తే, మోదుగాకును గరాటులాగా చుట్టి రంధ్రంలో పెట్టి చెంబుతో పోసింది. జానెడే పోయాలని నేను అన్నాను. ఆమె మబ్బు వైపు చూసింది, పోస్తూనే ఉంది. మిగిలింది అంతా ఒక్కపూటే పోసింది.

కాసేపటికి పూత కదిలింది. నడిమి భాగం మెల్లగా బయటికి ఉబ్బసాగింది. దన్ను చెక్కలు రెండూ కింద ఉన్నాయి. రాజవ్వ తిరిగి వీపు గోడకు ఆనించి, కాళ్లు రోలుకు తన్నిపెట్టి కూర్చుండిపోయింది. నేను పరుగెత్తి లచ్చయ్యను పిలుచుకు వచ్చాను. లచ్చయ్య ఇంకో చెక్క తెచ్చి ఒక పక్క నిలబెట్టాడు. రెండో పక్క రాజవ్వ వీపే దన్ను.

"లెవ్వు అవ్వా, పూత పలక ఊడి మీదవడితె సస్తవ్," అన్నాడు లచ్చయ్య.

"సున్నం ఎంతసేపట్ల గట్టివడ్తది?"

"నాకేమెరుక? నేను వడ్లోన్ని."

"మరి ఎరుకలేనోనివి ఊకో."

పొద్దంతా అట్లనే ఉంది. గంజి నేనే తాగించాను. మధ్యాహ్నం హెడ్డు చిన్నయ్య సైకిల్ మీద వచ్చాడు. గోడను చూసిపొమ్మని ఎస్సై పంపాడట. వాకిట్లో దిగి ఆమెను చూసి నిలబడిపోయాడు.

"ఏం జేత్తున్నవ్ అవ్వా?"

"గోడకు ఒరిగిన. కేసువెడ్తవా?"

చిన్నయ్య తడి సున్నం చూశాడు, చెంబు చూశాడు, నన్ను చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ముసలవ్వ గోడకు ఒరిగి కూసున్నది. ఇంకేం లేదు. గదే జెప్త సారుకు," అని సైకిల్ ఎక్కాడు.

సాయంత్రం మా ఇంటాయన ఠాణా నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. గోడను ముట్టుకోలేదు. వంగి గోడకు చెవి దగ్గరగా పెట్టి, "అత్తా, మెల్లగ లెవ్వు," అన్నాడు. ఆమెకు కాళ్లు రాలేదు. నేనూ లచ్చయ్యా పట్టి లేపాం. ఆమె వీపు ఉన్నచోట పూత అరచేతి మందం ఉబ్బి, అట్లనే గట్టిపడి ఉంది. పగుళ్లు రాలేదు.

ఆ రాత్రే మొదటి వాన పడింది.

మళ్లీ జీపు వచ్చినప్పుడు ఎస్సై కింద నుంచి పై దాకా కొట్టాడు. అంతటా ఒకటే గట్టి చప్పుడు. "ఇప్పుడేం పెట్టి మూశావమ్మా?" అన్నాడు. రాజవ్వ కిటికీ పక్క రంధ్రాన్ని పూడ్చకుండా ఉంచింది. పైన రాతిపెంకు ఒకటి వానకు అడ్డం పెట్టింది. దాన్ని తీసి, "చెయ్యి వెట్టి సూసుకోండ్రి సారు, మీ కోసమే ఉంచిన," అన్నది. ఎస్సై ఈసారి చిన్నయ్యను పిలవలేదు. తనే పెట్టాడు. వేళ్లకు ఎండిన సున్నం తగిలింది. చెయ్యి తుడుచుకుని, "మీ అల్లుడికి రేపటి నుంచి రానక్కర్లేదని చెప్పు," అని జీపెక్కాడు.

తెల్లవారి ఆయన పనిముట్ల సంచితో పోయి, గోడ మీద అరచెయ్యి పెట్టి ఉబ్బు చుట్టూ తడిమాడు.

"అత్తా, గీ పొట్టను చెక్కి సాపు జెయ్యాల్నా?"

"నిలవడ్డదా లేదా?"

"నిలవడ్డది."

"మరి చెక్కుడెందుకు? లోపలికి రా, అన్నం తిను."

వానలు ముదిరాక గంగారాం సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాడు, అక్కను తీసుకుపోవడానికి. మూటలు కట్టడానికి గోనెసంచులు కూడా తెచ్చాడు. ఇల్లు ఇవాళో రేపో కూలుతుందని ఎవరో చెప్పారట. రాజవ్వ తమ్ముణ్ణి వాకిట్లోనే ఆపి, "కొట్టి సూడు," అన్నది. గంగారాం పిడికిలితో గట్టిగా కొట్టి, చెయ్యి విదిలించుకుంటూ వెనక్కి జరిగాడు.

"అబ్బా! ఇది గోడనా గుట్టనా అక్కా?"

మక్కరొట్టెలు చేసి, కడుపునిండా పెట్టి, ఖాళీ సంచులు చుట్ట చుట్టి చంకలో పెట్టి పంపించింది. గంగారాం ఒక్కడే బస్సెక్కాడు.