లక్ష్ముడు మావ ఏ బంతిలో ఉన్నట్టు?

రాజాంలో ఫిజిక్సు యమున మేడమంటే తెలియనివాళ్లే ఎక్కువ. బట్టల కొట్టాయన తెలుస్తాడు, ధాన్యం కమీషన్ ఏజెంటు తెలుస్తాడు గానీ, డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే మనిషితో ఎవరికేం పని? ఆమె తండ్రి జగన్నాధం మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. వరి పండించుకునే రైతే, కానీ ఎర్రన్న బుర్రకథ దళంలో హాస్యపు వంత. నడుమ నిలబడి ఎర్రన్న కథ చెబుతుంటే, పక్కన డక్కి కొడుతూ అడ్డుపుల్లలు వేయడం ఈయన పని.

వంత అంటే ఊరికే తందానా అనేవాడని అనుకుంటారు చాలామంది. అది తప్పు. అర్థం కానిదేదో జనం పైకి అడగరు. అడిగితే పక్కవాడు నవ్విపోతాడని భయం. ఆ ప్రశ్న వంత అడుగుతాడు. నవ్వితే తనని చూసి నవ్వుతారు, జవాబు మాత్రం అందరికీ చేరుతుంది. నలుగురి తెలివితక్కువతనాన్నీ తన నెత్తిన వేసుకుని మోసేవాడన్నమాట. ఇంత మంచి ఉద్యోగం ఇంకోటి ఉందని నేననుకోను.

తండ్రి చేసేది ఎంత పెద్ద పనో యమునకు ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు తెలిసొచ్చింది. క్వాంటం క్లాసులో అందరూ గంగిరెద్దుల్లా తలలూపేవాళ్లు. అర్థమైనవాడు ఒక్కడూ లేడు, అడిగినవాడూ లేడు. ఆమె కూడా ఊపింది, అబద్ధమెందుకు. ఇక్కడ మా నాన్న ఉంటే "అలగంటే ఏటి బాబూ" అని ఒక్క ముక్క అడిగి క్లాసు మొత్తాన్ని బతికించేవాడు కదా అనుకుంది. అదే ఆమెకు దారి చూపింది. లెక్చరరయ్యాక పాఠాలను కథలుగా రాయడం మొదలుపెట్టింది. వాటిలో హీరో ఎలక్ట్రానప్పన్న. పిల్లలు వాటిని జిరాక్సులు తీయించుకుని చదివేవారు, ఇళ్లకు కూడా పట్టుకెళ్లేవారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, ఈ ఏడు వేసవిలో ప్రిన్సిపాల్ పిలిచి విషయం చెప్పేశారు. పిల్లలంతా కంప్యూటర్ల వైపే పోతున్నారు, జూన్‌లో చేరేవాళ్లు లేకపోతే ఫిజిక్సు గ్రూపు ఎత్తేయక తప్పదని. తన ఉద్యోగం గురించి యమునకు దిగులు లేదనలేం. అంతకన్నా పెద్ద దిగులు ఇంకోటుంది. ఇక్కడ గ్రూపు పోతే ఫిజిక్సు చదవాలనుకునే ఆడపిల్ల ఊరు దాటాలి. దాటనివ్వని ఇళ్లే ఎక్కువ. సొంత మేనమామ లక్ష్ముడే కూతురు శైలజకు ఫిజిక్సు మీద మనసుందని తెలిసీ, కంప్యూటర్లలో వేసేస్తానని భీష్మించుకుని కూర్చున్నాడు.

గ్రంథాలయంలో ఆదివారాలు జరిగే వేసవి శిబిరానికి ఇంటరు అయిన పిల్లలు, వాళ్లతో పాటు పెద్దవాళ్లు కూడా వస్తారు. అక్కడ అప్పన్న కథను బుర్రకథలా చెబితే? ఆలోచన బాగుంది, కానీ వంత కావాలి. ఎర్రన్న పోయాక జగన్నాధం డక్కి ముట్టుకోలేదు. ఎర్రన్న లేడు, ఇంక నానెవులకి వంత, అని తప్పుకోబోయాడు. కూతురు వదల్లేదు. ఆఖరికి డక్కి దించి దుమ్ము దులిపాడు.

ఇక్కడే మన మేడమ్ పప్పులో కాలేసింది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? సాయంత్రమైతే చాలు తండ్రిని అరుగు మీద కూర్చోబెట్టి పాఠం. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో, దానికి తనేం చెబుతుందో, అంతా నేర్పింది. పాపం ఆయన బుద్ధిగా బట్టీపట్టాడు. ఒక్కసారి మాత్రం నసిగాడు.

"ఎర్రన్న నాకు కథ ముందుగా సెప్పీవోడు కాదమ్మా. తెలిసినోడు అడిగితే అది పెశ్న కాదురా, అప్పజెప్పడం అనీవోడు."

"అది ఎర్రన్న పెద్దనాన్న కథ నాన్నా. ఇది సైన్సు. తప్పు రాకూడదు," అంది యమున. ఆయన మళ్లీ మొదటి ప్రశ్న నుంచి అందుకున్నాడు.

ఆదివారం ఉదయం గ్రంథాలయం హాలు నిండింది. లక్ష్ముడు ముందు వరసలోనే కూర్చున్నాడు, పక్కన శైలజ. యమున పెళ్లిపందిరి కథ ఎత్తుకుంది. పందిరికి రెండు గుమ్మాలు. అప్పన్నలు ఒక్కొక్కరే లోపలికొచ్చి, ఎదురుగోడ మీద సున్నం చేత్తో ముద్ర వేస్తారు. గుమ్మాల దగ్గర కాపలా ఉంటే ప్రతి అప్పన్నా బుద్ధిగా ఏదో ఒక గుమ్మంలోంచే వస్తాడు. కాపలా లేకపోతే, ఒక్కడే రెండు గుమ్మాల్లోంచీ వచ్చినట్టు ముద్రలు పడతాయి.

జగన్నాధం నేర్పిన చోట నేర్పిన ప్రశ్న అడిగాడు. నేర్పిన జవాబు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. మళ్లీ అడిగాడు, మళ్లీ వచ్చింది. జనం సెల్‌ఫోన్లు తీశారు. లక్ష్ముడు కూతురి భుజం తట్టి లేవబోతున్నాడు. గ్రూపు పోయిందనే అనుకుంది యమున.

అప్పుడు జగన్నాధం డక్కి మీద చెయ్యి ఆపాడు.

"ఆగమ్మా. ఇది నువ్వు నేర్పింది కాదు, నాకే అడగాలనుంది. అదుగో, మా లక్ష్ముడు బావ. పెళ్లికెల్తే ఆడపెళ్లోరి బంతిలోనూ తింటాడు, మగపెళ్లోరి బంతిలోనూ తింటాడు. సూడబోతే మాత్రం ఒక్క బంతిలోనే దొరుకుతాడు."

హాలు గొల్లుమంది. లేవబోయిన లక్ష్ముడు సిగ్గుపడి కూలబడ్డాడు. జగన్నాధం నవ్వలేదు.

"మనం సూడనప్పుడు కూడా బావ ఎక్కడో ఒక బంతిలోనే ఉంటాడు గదా? మనకి తెలీదంతే. నీ అప్పన్న కూడా అంతే అనుకోకూడదేటి?"

మహామహా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి దెబ్బలాడుకున్నది సరిగ్గా ఈ మాట మీదే. అది ఆయనకు తెలియదు. తెలియకే అడిగాడు, నిజంగా అడిగాడు. హాలంతా జవాబు కోసం యమున వైపు తిరిగింది. ఆమె క్లాసు తెలుగు మరిచిపోయింది.

"మావైతే ఏదో ఒక బంతిలోనే ఉంటాడు నాన్నా. అప్పన్న అలగ కాదు. ఏదో ఒక గుమ్మంలోంచే వస్తే, గోడ మీద రెండు గుమ్మాలకీ ఎదురుగా ముద్రలు రెండు సారలుగానే పడాలి. పడినవి బోలెడు సారలు, నడుమ నడుమ కాళీలు. ఒక గుమ్మం మూసేస్తే ఆ సారలు పోతన్నాయి. మరి ఒక గుమ్మంలోంచి వచ్చినోడికి రెండో గుమ్మం తెరిసుందని ఎలగ తెలిసింది?"

"ఎలగ తెలిసింది?"

"నాకు తెలీదు. లెక్క కడితే సరిగ్గా ఆ సారలే వస్తాయి, ఎక్కడా తప్పదు. ఎందుకలగా అంటే మాత్రం పెద్ద పెద్దోళ్లు ఇంకా దెబ్బలాడుకుంటన్నారు."

శైలజ లేచి, మరి కాపలావాడు చేసేదేమిటని అడిగింది. వెనకాల ఇంకెవరో ఇంకేదో అడిగారు. భోజనాల వేళ దాటినా ఎవరూ కదల్లేదు, లక్ష్ముడితో సహా. భోజనం వేళ లక్ష్ముడు కదలకపోవడం బంధువర్గంలో ఎవరూ ఎరగని వింత. జూన్‌లో ఆయనే కూతుర్ని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు. మీ నాన్న నన్ను ఎలట్రాను సేసి ఊరంతా తిప్పతన్నాడు, అదేటో మా ఇంట్లో ఒకరికైనా తెలవద్దా, అన్నాడు. శైలజ వెనకే మరికొందరు చేరారు. ఈ ఏటికి గ్రూపు నిలబడింది.

ఆ ఆదివారం శిబిరం నుంచి ఇంటికి వెళ్తూ స్కూటరు మీద వెనక కూర్చున్న తండ్రికి యమున మనసారా చెప్పింది, నువ్వే లేకపోతే ఈ రోజు నేను ఓడిపోయేదాన్ని నాన్నా అని. తనకు చదువు చెప్పిన గురువులందరికీ రుణపడి ఉందిగానీ, అడగడం నేర్పినవాడు ఈయనొక్కడే అనిపించి ఆమెకు కళ్లు చెమర్చాయి. జగన్నాధం డక్కిని ఒళ్లో సర్దుకున్నాడు.

"ఎర్రన్న పోయిన కాణ్నుంచి నాకు తెలీని కథ ఎవులూ సెప్పనేదమ్మా. నువ్వు సెప్పినావు. నాకది సాలు."

కాసేపటికి యమున, వచ్చే ఆదివారం చెప్పబోయే కథ ఏమిటంటే, అని మొదలుపెట్టింది. వెనక నుంచి చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది.

"సెప్పకు," అన్నాడు జగన్నాధం. "ఆ రోజే ఇంటాను, అందరితోపాటు."